ఇంజన్ రేజ్ అవుతుంది, బండి లాగదు: స్పోర్ట్స్ కార్లలో క్లచ్ ముందే ఎందుకు పోతుంది?

క్లుప్తంగా

క్లచ్ జారడానికి మూలం ఒక్కటే. ఇంజన్ ఇచ్చే టార్క్ (తిప్పే బలం), ఆ క్షణాన క్లచ్ పట్టుకోగల టార్క్‌ను మించిపోవడం. స్పోర్ట్స్ కారులో ఈ రెండింటి మధ్య తేడా మొదటి నుంచీ తక్కువే. ఎక్కువ ఆర్‌పీఎంలో లాంచ్‌లు (ఆగి ఉన్న కారును ఒక్క ఉదుటున దూకించడం), ఎత్తు మీద హాఫ్ క్లచ్, ఈసీయూ రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచడం), ఆయిల్ లీకు, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే హైడ్రాలిక్స్ పూర్తిగా వదలకపోవడం ఆ కాస్త తేడానూ తినేస్తాయి. ప్లేటు ఆయుష్షును తేల్చేది తిరిగిన కిలోమీటర్ల కన్నా, లైనింగ్ భరించిన వేడి.

ఐదో గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే టాకోమీటర్ ముల్లు 3,000 నుంచి 4,000 పైకి ఎగబాకుతుంది. స్పీడోమీటర్ ముల్లు ఉన్నచోటే ఉంటుంది. కాసేపటికి క్యాబిన్‌లోకి కాలిన వాసన. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో లక్ష కిలోమీటర్లు దాటినా నడిచే క్లచ్, దానికి ఎన్నో రెట్లు ఖరీదైన స్పోర్ట్స్ కారులో 20, 30 వేలకే చేతులెత్తేయడం అరుదేమీ కాదు. దీనికి సాధారణంగా రెండు జవాబులు వినిపిస్తాయి. కంపెనీ నాసిరకం ప్లేటు వేసిందని యజమాని అంటాడు. నడపడం రాలేదని సర్వీస్ సెంటర్ అంటుంది. రెండింటిలోనూ సగం నిజమే ఉంది. మిగతా సగం క్లచ్ పనిచేసే తీరులో ఉంది.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కూ ప్రెషర్ ప్లేటుకూ మధ్య ఇరుక్కుని ఉండే పలుచని డిస్కే క్లచ్ ప్లేటు. దాని రెండు ముఖాల మీదా లైనింగ్, అంటే రాపిడితో పట్టుకునే పొర, ఉంటుంది. డయాఫ్రమ్ స్ప్రింగ్ ప్రెషర్ ప్లేటును నొక్కిపట్టినంతసేపూ మూడూ కలిసి తిరుగుతాయి. పెడల్ తొక్కితే రిలీజ్ బేరింగ్ వెళ్లి ఆ స్ప్రింగ్ వేళ్లను నొక్కుతుంది, పట్టు వదులవుతుంది. ఈ అమరిక ఎంత టార్క్ మోస్తుందన్నది నాలుగింటి మీద ఆధారపడి ఉంటుంది: లైనింగ్ ఘర్షణ గుణకం, స్ప్రింగ్ నొక్కే బలం, లైనింగ్ సగటు వ్యాసార్థం, రాసుకునే ముఖాల సంఖ్య.

ఒక ఉదాహరణ వేసుకోవచ్చు. లైనింగ్ బయటి వ్యాసం 240 మిల్లీమీటర్లు, లోపలి వ్యాసం 160 అయితే సగటు వ్యాసార్థం 0.1 మీటరు. ఘర్షణ గుణకం 0.3, స్ప్రింగ్ బలం 7,000 న్యూటన్లు, ముఖాలు రెండు. అన్నిటినీ గుణిస్తే 420 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంజన్ గరిష్ఠ టార్క్ 320 అయితే చేతిలో ముప్ఫై శాతం మిగులు ఉన్నట్టు. ఇప్పుడు లైనింగ్ బాగా వేడెక్కి ఘర్షణ గుణకం 0.22కు పడిపోయిందనుకుంటే, అదే క్లచ్ మోయగలిగేది 308 మాత్రమే. ఏదీ విరగలేదు, ఏదీ అరగలేదు, అయినా జారుతుంది. చల్లారాక మళ్లీ పట్టుకుంటుంది. బండి గ్యారేజీకి చేరేసరికి లోపం కనబడకుండా పోయే కేసులు చాలావరకు ఈ కోవలోవే.

మరి మిగులు ఇంకాస్త ఎక్కువ పెట్టి తయారుచేయవచ్చు కదా? పెట్టవచ్చు, కానీ ఆ భారం ఎక్కడో ఒకచోట పడుతుంది. స్ప్రింగ్ బలం పెంచితే పెడల్ హార్డ్ అవుతుంది, రిలీజ్ బేరింగ్ మీదా క్రాంక్‌షాఫ్ట్ థ్రస్ట్ బేరింగ్ మీదా ఒత్తిడి పెరుగుతుంది. వ్యాసం పెంచితే తిరిగే బరువు పెరిగి ఇంజన్ చురుకుదనం తగ్గుతుంది, ఇంజన్‌ను నేలకు దగ్గరగా కూర్చోబెట్టడమూ కష్టమవుతుంది. పోర్షే 2003లో ఉత్పత్తి మొదలుపెట్టిన కరెరా జీటీ దీనికి రెండో కొస. 612 హార్స్‌పవర్, 590 న్యూటన్ మీటర్ల వీ10 ఇంజన్‌కు ఆ కంపెనీ పెట్టిన సిరామిక్ కాంపోజిట్ క్లచ్ వ్యాసం కేవలం 169 మిల్లీమీటర్లు. వ్యాసార్థంలో పోయినదాన్ని ప్లేట్ల సంఖ్యతో, పదార్థంతో పూడ్చుకున్నారు. ఇంజన్ బాగా కిందికి దిగింది. కానీ పెడల్ వదిలే తీరు తెలియని వాళ్ల చేతిలో ఆగిపోవడంలో ఆ కారు పేరు మోసింది.

ఇంకో సంగతి కూడా ఉంది. టార్క్ హద్దు దాటితే గేర్ల పళ్లు, డ్రైవ్‌షాఫ్ట్‌లు విరగడం కన్నా ముందు క్లచ్ లొంగిపోవడమే మేలు. కాబట్టి దాన్ని అవసరానికి మించి బలంగా చేయకపోవడం పిసినారితనమే కానక్కర్లేదు.

5,000 ఆర్‌పీఎం లాంచ్‌లో ఏం జరుగుతుంది

ఆగి ఉన్న కారును కదిలించే ప్రతిసారీ క్లచ్ కాసేపు జారక తప్పదు. అటు ఇంజన్ తిరుగుతోంది, ఇటు చక్రాలు ఆగి ఉన్నాయి. ఆ రెండు వేగాలూ కలిసేదాకా తేడా అంతా వేడిగా మారుతుంది. ఇంజన్ వేగాన్ని ఒకేచోట నిలబెట్టి క్లచ్ వదిలితే, ఇంజన్ ఇచ్చే శక్తిలో సగం కారుకు వేగంగా అందుతుంది, సగం లైనింగ్ దగ్గర వేడవుతుంది.

1,400 కిలోల కారు, మొదటి గేరులో ప్రతి 1,000 ఆర్‌పీఎంకు 10 కిలోమీటర్ల వేగం అనుకుందాం. 1,500 దగ్గర నెమ్మదిగా వదిలితే గంటకు 15 కిలోమీటర్లు అందుకునేసరికి క్లచ్ భరించే వేడి సుమారు 12 కిలోజౌళ్లు. 5,000 దగ్గర, చక్రాలు జారకుండా లాంచ్ చేస్తే 50 కిలోమీటర్ల దాకా క్లచ్ జారుతూనే ఉంటుంది. వేడి 135 కిలోజౌళ్లు. ఆర్‌పీఎం మూడు రెట్లకు కాస్త పైన పెరిగితే వేడి పదకొండు రెట్లు పెరిగింది, ఎందుకంటే అది వేగం వర్గంతో పాటు పెరుగుతుంది. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు కలిపి పది కిలోల ఇనుము ఉంటే ఒక్క లాంచ్‌తో వాటి సగటు ఉష్ణోగ్రత సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. చల్లారనివ్వకుండా పది లాంచ్‌లు చేస్తే 300 దగ్గరికి చేరుతుంది. అది సగటు. రాసుకునే ఉపరితలం దగ్గర అంతకన్నా చాలా ఎక్కువ. బెల్ హౌసింగ్ లోపలికి గాలి పెద్దగా ఆడదు కనుక ఆ వేడి త్వరగా పోదు.

మామూలు ఆర్గానిక్ లైనింగ్‌లో గాజు పీచు, రాగి తీగలు, వాటిని పట్టి ఉంచే రెజిన్ ఉంటాయి. 250 నుంచి 300 డిగ్రీలు దాటేకొద్దీ ఆ రెజిన్ మాడడం మొదలవుతుంది. కాలిన వాసన దానిదే. మాడిన రెజిన్ ఉపరితలం మీద గాజులా నున్నటి పొరగా పేరుకుంటుంది, ఘర్షణ పడిపోతుంది. ఘర్షణ పడితే ఇంకా జారుతుంది, జారితే ఇంకా వేడెక్కుతుంది. ఫ్లైవీల్ కన్నా పలుచగా ఉండే ప్రెషర్ ప్లేటు ముందుగా వేడెక్కి వంగుతుంది. అప్పుడు లైనింగ్ అంతటా కాకుండా ఒక అంచు మాత్రమే ఆనుతుంది, ఉన్న కాస్త భాగం మీదే మొత్తం భారం పడుతుంది. క్లచ్‌లు నెలల తరబడి నిలకడగా అరిగి, ఆఖరి వారంలో ఒక్కసారిగా కూలబడడం వెనక ఉన్నది ఈ గొలుసే.

డయాఫ్రమ్ స్ప్రింగ్ స్వభావం కూడా దీనికి తోడవుతుంది. లైనింగ్ పలుచబడుతున్న కొద్దీ మొదట్లో స్ప్రింగ్ బలం తగ్గదు, నిజానికి కాస్త పెరుగుతుంది. ఒక స్థాయి దాటాక మాత్రం వేగంగా పడిపోతుంది. డ్రైవర్‌కు ముందస్తు హెచ్చరిక పెద్దగా అందదు.

గేరు దించేటప్పుడు బ్లిప్ ఇవ్వకపోవడం (యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి ఇంజన్ వేగం పెంచకపోవడం) వల్లే క్లచ్ పోతుందన్న నమ్మకం బలంగా ఉంది. లెక్క దాన్ని అంతగా సమర్థించదు. ఇంజన్, ఫ్లైవీల్‌ను 3,000 నుంచి 5,000కు లాగడానికి ఖర్చయ్యేది నాలుగైదు కిలోజౌళ్లే. ఒక గట్టి లాంచ్ అలాంటి డౌన్‌షిఫ్టులు దాదాపు ముప్ఫైకి సమానం.

సెల్లార్ ర్యాంపు, ఫ్లైఓవర్ జామ్

ట్రాక్ మొహమే చూడని కార్లలో కూడా క్లచ్‌లు పోవడానికి ప్రధాన కారణం మొదటి గేరు. చిన్న హ్యాచ్‌బ్యాక్‌లో మొదటి గేరు పొట్టిది, ఐడిల్ మీదే గంటకు ఐదారు కిలోమీటర్లతో పాకుతుంది. రెడ్‌లైన్ 8,000 ఉండి మొదటి గేరులోనే 80 అందుకునే స్పోర్ట్స్ కారులో, 800 ఆర్‌పీఎం ఐడిల్ మీద వేగం ఎనిమిది. హైదరాబాద్‌లో ఆఫీసులు వదిలే వేళ ముందున్న బండి నాలుగు కిలోమీటర్ల వేగంతో కదులుతుంటే స్పోర్ట్స్ కారు డ్రైవర్‌కు ఉన్న దారి హాఫ్ క్లచ్ ఒక్కటే. స్పీడ్ బ్రేకర్ దగ్గర అడుగు తగలకుండా ఏటవాలుగా ఎక్కించే తతంగమంతా హాఫ్ క్లచ్ మీదే నడుస్తుంది.

అన్నిటికన్నా క్రూరమైన చోటు అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు. పది శాతం వాలు మీద, గేటు తెరుచుకునేదాకా బ్రేకు వేయకుండా అదే 1,400 కిలోల కారును 1,500 ఆర్‌పీఎం దగ్గర హాఫ్ క్లచ్‌తో నిలబెడితే క్లచ్‌లో పుట్టే వేడి సుమారు 5.7 కిలోవాట్లు. ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు దాదాపు మూడు కలిపి ఒక పలుచని ప్లేటు మీద వెలిగించినట్టు. 24 సెకన్లు గడిచేసరికి ఇందాకటి 5,000 ఆర్‌పీఎం లాంచ్‌తో సమానమైపోతుంది. “ఎప్పుడూ రేసింగ్ చేయలేదు, నెమ్మదిగానే నడిపాను” అనే యజమాని అబద్ధం చెప్పడం లేదు. ఆ నెమ్మదే ఇక్కడ ఖరీదైనది.

తేలికపాటి ఫ్లైవీల్ ఉన్న కార్లలో పరిస్థితి మరీ ఇబ్బంది. ఫ్లైవీల్ బరువుంటే అందులో నిల్వ ఉన్న శక్తి బండిని కదిలించడానికి సాయపడుతుంది. అది లేనప్పుడు ఇంజన్ ఆగిపోకుండా ఎక్కువ ఆర్‌పీఎం ఇచ్చి ఎక్కువసేపు జార్చాలి. హోండా ఎస్2000 లాంటి, టార్క్ అంతా పైనెక్కడో 7,500 దగ్గర ఉండే ఇంజన్లకూ ఇదే వర్తిస్తుంది.

టైర్లు జారకపోతే క్లచ్ జారుతుంది

శక్తిమంతమైన రియర్ వీల్ డ్రైవ్ కారును రెచ్చగొడితే వెనక టైర్లు గిరగిర తిరిగి పొగ వస్తుంది. చూడడానికి విధ్వంసంలా ఉన్నా క్లచ్‌కు అది ఊరటే. టైరు జారగానే క్లచ్ రెండు వైపులా వేగాలు త్వరగా కలిసిపోతాయి, మిగిలిన వేడి రబ్బరు మీదికి పోతుంది. సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ ఎస్‌టీఐ, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ కార్లలో నాలుగు టైర్లూ రోడ్డును పట్టేసుకుంటాయి. జారడానికి మిగిలింది క్లచ్చే. రోడ్డు టైర్లు తీసి ట్రాక్ టైర్లు వేసినా జరిగేది అదే. గ్రిప్ పెరిగిందని సంతోషించే చోటే క్లచ్ బిల్లు కూడా పెరుగుతుంది.

బీఎండబ్ల్యూ ఈ36, ఈ46 తరాల మాన్యువల్ కార్లలో క్లచ్ పైపులో పెట్టిన డిలే వాల్వు మీద ఏళ్లుగా నడుస్తున్న వాదన కూడా ఇక్కడికే వస్తుంది. పెడల్ ఎంత వేగంగా వదిలినా ద్రవం సన్నని రంధ్రం గుండా నెమ్మదిగా వెనక్కి రావడంతో క్లచ్ మెల్లగా పట్టుకుంటుంది. దానివల్ల డ్రైవ్‌షాఫ్ట్‌లకు, డిఫరెన్షియల్‌కు దెబ్బ తగ్గుతుంది. వేగంగా గేర్లు మార్చే డ్రైవర్ చేతిలో మాత్రం ప్రతి షిఫ్టుకూ జారుడు కాస్త పెరుగుతుంది. గేర్‌బాక్స్‌ను కాపాడే ఏర్పాటు క్లచ్‌కు ఖర్చు రాస్తోందన్నమాట.

రీమ్యాప్ తరువాత ఐదో గేరులోనే ఎందుకు

టర్బో ఇంజన్‌కు ఈసీయూ రీమ్యాప్ చేయిస్తే హార్స్‌పవర్ అంకె గురించే అందరూ మాట్లాడుకుంటారు. క్లచ్‌కు కావలసింది టార్క్ అంకె. 320 ఉన్న ఇంజన్ 420కి చేరితే పైన చెప్పిన ఉదాహరణలోని క్లచ్‌కు మిగులు సున్నా. కొత్త ప్లేటు, చల్లటి రోజు అయితే పట్టుకుంటుంది. కాస్త అరిగినా, కాస్త వేడెక్కినా జారుతుంది.

విచిత్రంగా ఈ జారుడు మొదటి, రెండో గేర్లలో కనబడదు. నాలుగు, ఐదు, ఆరు గేర్లలో 2,500 నుంచి 3,500 ఆర్‌పీఎం మధ్య బయటపడుతుంది. కింది గేర్లలో ఇంజన్ చాలా వేగంగా పైకి ఎగబాకుతుంది కనుక టార్క్‌లో కొంత తన సొంత ఫ్లైవీల్‌ను తిప్పడానికే ఖర్చవుతుంది. టర్బో పూర్తి బూస్ట్ అందుకునేలోపే గేరు అయిపోతుంది. పై గేర్లలో ఆర్‌పీఎం నెమ్మదిగా పెరుగుతుంది, బూస్ట్ నిండుగా అందుతుంది, టార్క్ దాదాపు మొత్తం క్లచ్ గుండానే, అదీ పది సెకన్లపాటు పోతుంది. 400 న్యూటన్ మీటర్ల దగ్గర 300 ఆర్‌పీఎం తేడాతో జారితే పుట్టే వేడి 12.5 కిలోవాట్లు, సెల్లార్ ర్యాంపుకు రెండింతల పైనే.

క్లచ్ హద్దును కంపెనీలు ఎంత గట్టిగా పాటిస్తాయో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీఐ చూపించింది. 1.8 లీటర్ల టర్బో ఇంజన్ ఉన్న ఆ కారు యూరప్‌లో మాన్యువల్ గేర్‌బాక్స్‌తో 320 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌లు రెండుండే డీక్యూ200 డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో వస్తే అదే ఇంజన్‌ను 250 దగ్గర కట్టేశారు, ఎందుకంటే ఆ గేర్‌బాక్స్ హద్దు అంతే. భారత్‌లో 2016లో విడుదలైంది ఈ 250 న్యూటన్ మీటర్ల కారే. సాఫ్ట్‌వేర్‌తో ఆ 70 న్యూటన్ మీటర్లూ “విడుదల” చేయడం తేలికే. వాటిని మోయాల్సిన ప్లేట్లు మాత్రం పాతవే.

పెడల్ లేని కార్ల సంగతి

1997లో ఫెరారీ ఎఫ్355తో రోడ్డు కార్లలోకి వచ్చిన ప్యాడిల్ గేర్‌బాక్స్‌లు నిజానికి ఆటోమేటిక్‌లు కావు. లోపల మామూలు సింగిల్ క్లచ్ మాన్యువలే, పెడల్ పనిని హైడ్రాలిక్ పంపు, కంప్యూటర్ చేస్తాయి. ఎఫ్430, లాంబోర్గిని గలార్డో ఈ-గేర్, ఈ46 ఎం3 ఎస్‌ఎంజీ అన్నీ ఆ కుటుంబమే. వీటిలో పార్కింగ్ చేస్తున్నప్పుడు, ఎత్తు మీదికి రివర్స్ తీస్తున్నప్పుడు కంప్యూటర్ క్లచ్‌ను జారుస్తూనే ఉంటుంది. కాలికి పెడల్ తగలదు కనుక డ్రైవర్‌కు ఆ సంగతే తెలియదు. క్లచ్ ప్లేటుకు బదులు ద్రవంతో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్‌లా యాక్సిలరేటర్ మీద కాస్త కాస్త నొక్కుతూ బండిని పాకించే అలవాటు వీటికి ప్రాణాంతకం. పైగా క్లచ్ అంటుకోవడం మొదలయ్యే స్థానాన్ని కంప్యూటర్‌లో సరిగా సెట్ చేయకపోతే ప్రతి షిఫ్టులోనూ అనవసరంగా జారుతుంది. వాడిన ఫెరారీని కొనేవాళ్లు డయాగ్నస్టిక్ మెషీన్ పెట్టి క్లచ్ అరుగుదల శాతం చూడనిదే బేరం మాట్లాడకపోవడానికి కారణం ఇదే.

ఫెరారీ 2009 నాటి 458 ఇటాలియాలో, లాంబోర్గిని 2014 నాటి హురాకాన్‌లో డ్యుయల్ క్లచ్‌కు (బేసి గేర్లకు ఒకటి, సరి గేర్లకు ఒకటి) మారాక ఈ గోల చాలావరకు సద్దుమణిగింది. ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్‌లలో వేడిని ఆయిల్ మోసుకుపోయి కూలర్‌కు అప్పగిస్తుంది. ఆయిల్ వల్ల ఘర్షణ గుణకం 0.1 దగ్గరికి పడిపోతుంది, ఆ లోటును ఎక్కువ ప్లేట్లు పేర్చి తీర్చుకుంటారు. 2005లో వచ్చిన బుగాటి వేరాన్ 1,250 న్యూటన్ మీటర్లను వెట్ డ్యుయల్ క్లచ్‌తోనే మోసింది. అలాగని వెట్ క్లచ్ జారదనుకోకూడదు. గడువు దాటిన ఆయిల్ దాని పట్టును నెమ్మదిగా తినేస్తుంది. ఫోక్స్‌వ్యాగన్ వెట్ డీఎస్‌జీ డీక్యూ250కి 60,000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చాలన్న నియమం ఊరికే పెట్టింది కాదు.

డ్రైవర్ తప్పు లేని కేసులు

లైనింగ్ నిండుగా ఉన్నా జారే క్లచ్‌లు ఉంటాయి. క్రాంక్‌షాఫ్ట్ వెనక ఉండే సీల్ గానీ, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ సీల్ గానీ కారితే ఆయిల్ చుక్కలు నేరుగా ప్లేటు మీద పడతాయి. 986 బాక్‌స్టర్, 996 తరం 911 కార్లలోని ఎం96 ఇంజన్లకు రియర్ మెయిన్ సీల్ లీకు చాలాకాలంగా తెలిసిన జబ్బు. ఆయిల్ పీల్చుకున్న లైనింగ్‌ను తుడిచి వాడుకోవడం కుదరదు, వేడెక్కినప్పుడల్లా లోపలి ఆయిల్ పైకి ఊరుతుంది.

హైడ్రాలిక్స్‌లో లోపాలు రెండు రకాలు, వాటిని కలిపేయకూడదు. ద్రవం తగ్గినా, గాలి చేరినా, మరిగినా క్లచ్ పూర్తిగా విడిపోదు. గేర్లు పడడం కష్టమవుతుంది, అది జారుడు కాదు. బ్రేకులకూ క్లచ్‌కూ వాడే డాట్ 4 ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155కు పడిపోతుంది. దీనికి వ్యతిరేకమైనది, పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్‌ను నొక్కే పుష్‌రాడ్‌ను ఫ్రీ ప్లే (కాస్త ఖాళీ) లేకుండా బిగించడం. కాలు తీసినా లోపల కొంత ఒత్తిడి మిగిలిపోతుంది, స్ప్రింగ్ ఎప్పుడూ పూర్తి బలంతో నొక్కదు. పెడల్ మీద కాలు ఆనించి నడిపే అలవాటు చేసేదీ ఇదే పని. పెడల్ సెట్ చేసిన కొద్దిరోజులకే జారుడు మొదలైతే ముందుగా చూడాల్సింది ఈ పుష్‌రాడ్‌నే, గేర్‌బాక్స్ దించనక్కర్లేదు.

దించిన ప్లేటు ఏం చెబుతుంది

గేర్‌బాక్స్ దించాక పాత ప్లేటును మూలకు విసిరేయకుండా కాసేపు చూస్తే కారణం చాలాసార్లు కళ్లముందే ఉంటుంది. రెండు ముఖాలూ సమానంగా రివెట్ల దాకా అరిగి, ఇనుము రంగు మారకుండా ఉంటే అది సహజంగా ముగిసిన ఆయుష్షు. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, వెంట్రుకవాసి పగుళ్లు ఉండి లైనింగ్ ఇంకా మందంగానే ఉంటే తక్కువ సమయంలో ఎక్కువ వేడి పుట్టినట్టు, అంటే లాంచ్‌లు గానీ ర్యాంపులు గానీ కారణం. నల్లగా జిడ్డు పట్టి ఒకవైపు తడిగా ఉంటే సీల్. స్ప్రింగ్ వేళ్ల కొసలు గాడి పడేలా అరిగి ఉంటే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ నొక్కుకునే ఉంది, పెడల్ మీద కాలో పుష్‌రాడ్డో కారణం. డిస్కు మధ్యలోని డ్యాంపర్ స్ప్రింగులు విరిగి ఉంటే జారుడు కాదు, పెడల్‌ను ఒక్కసారిగా వదిలేసిన దెబ్బ. వారంటీ తగువుల్లో ఈ ఫొటోలే సాక్ష్యం. లైనింగ్‌ను అరిగే భాగంగా లెక్కగట్టి కంపెనీలు సాధారణంగా చేతులు దులుపుకుంటాయి. సీల్ లీకు ఫొటోలో కనబడితే వాదనకు బలం వస్తుంది.

కొత్తది ఎంచుకునేటప్పుడు గట్టిదే మంచిదన్న సూత్రం ఇక్కడ పనిచేయదు. సింటర్డ్ మెటల్ ప్యాడ్‌ల క్లచ్ ఆర్గానిక్ లైనింగ్ మాడిపోయే వేడిని తేలిగ్గా తట్టుకుంటుంది. కానీ అది పట్టుకుంటే పట్టుకున్నట్టు, వదిలితే వదిలినట్టు, మధ్యలో హాఫ్ క్లచ్ అన్నది దాదాపు ఉండదు. ట్రాఫిక్‌లో బండి ఎగిరెగిరి పడుతుంది, ఫ్లైవీల్ కూడా త్వరగా అరుగుతుంది. రోడ్డు మీదే ఎక్కువగా తిరిగే, రీమ్యాప్ చేసిన కారుకు ఆర్గానిక్ లైనింగ్‌తోనే కాస్త బలమైన ప్రెషర్ ప్లేటు గానీ, పెడల్ హార్డ్ కాకుండా ముఖాల సంఖ్యను నాలుగుకు పెంచే ట్విన్ ప్లేటు గానీ నప్పుతుంది. ట్విన్ ప్లేటు ఖరీదు ఎక్కువ, న్యూట్రల్‌లో కాస్త గలగలమంటుంది.

గేర్‌బాక్స్ దించి ఎక్కించే కూలీయే పెద్ద ఖర్చు కనుక రియర్ మెయిన్ సీల్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ అదే విడతలో మార్చేస్తారు. కొత్త ఆర్గానిక్ ప్లేటుకు మొదటి 500 నుంచి 800 కిలోమీటర్లు ఊళ్లో తిరిగే మామూలు డ్రైవింగ్ అవసరం. ఈ లోపు పూర్తి థ్రాటిల్, లాంచ్ ఉండకూడదు. లైనింగ్ అప్పటికి ఫ్లైవీల్‌కు అక్కడక్కడా మాత్రమే ఆనుతుంటుంది, వేడి అంతా ఆ కొద్ది చుక్కల దగ్గరే పోగుపడుతుంది.